రూహ్ అఫ్జా: ఇండియా సీసా కొనాలా, పాకిస్తాన్ సీసా కొనాలా?

రంజాన్ దగ్గరపడుతోందంటే మా షాపుకి వచ్చే తెలుగువాళ్ళు నన్ను తప్పకుండా అడిగే మాట ఒకటుంది. "అన్నా, ఈ ఎర్ర షర్బత్ రెండు రకాలున్నయేంది? ఏది మంచిది?" అని. వాళ్ళడిగేది రూహ్ అఫ్జా గురించే, ఒకటి ఇండియాలో తయారైంది, ఒకటి పాకిస్తాన్‌లో. షార్జాలో రోల్లా దగ్గర ఒక సందులో ఉన్న బకాలాలో, అంటే చిన్న కిరాణా షాపులో, నేను పనిచేస్తాను. సరుకు సర్దడం, బిల్లు కొట్టడం, పై అంతస్తులకి మంచినీళ్ళ క్యాన్లు మోయడం అన్నీ నా డ్యూటీలే. షాపు యజమాని మలప్పురం మనిషి, మేమంతా ఇక్కా అంటాం. షర్బత్‌ల అర సరిగ్గా కౌంటర్‌కి ఎదురుగా ఉంటుంది కాబట్టి, ఎవరు ఏ సీసా తీస్తారో, తీసి ఎందుకు మళ్ళీ పెట్టేస్తారో రోజూ చూస్తుంటాను. అడిగిన ప్రతి ఒక్కరికీ నిలబడి చెప్పే తీరిక ఉండదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

తొందరలో ఉన్నవాళ్ళకి ముందే చెప్పేస్తాను. రెండూ కొనదగ్గవే. నీళ్ళలో నిమ్మకాయ పిండుకుని తాగే అలవాటుంటే ఇండియా సీసా తీసుకోండి. పాలలో కలుపుకునేవాళ్ళయితే పాకిస్తాన్ సీసా తీసుకోండి. బంగ్లాదేశ్‌లో తయారైన మూడో సీసా కూడా ఉంది, అది మా షాపుకి ఎప్పుడో గాని రాదు. వస్తే మాత్రం పై అంతస్తుల్లో ఉండే బంగ్లా భాయ్‌లు ఆ పెట్టె విప్పనివ్వకుండానే పట్టుకెళ్తారు.

ఒకదాన్ని చూసి ఇంకొకటి కాపీ కొట్టారని చాలామంది అనుకుంటారు. ఇండియావాళ్ళు పాకిస్తాన్‌ది నకిలీ అంటారు, వాళ్ళు మనది నకిలీ అంటారు. రెండూ నకిలీ కాదు. రెండూ ఒకే ఇంట్లో పుట్టినవి.

1906లో హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ అనే యునానీ వైద్యుడు పాత ఢిల్లీలో హమ్‌దర్ద్ పేరుతో చిన్న మందుల దుకాణం పెట్టాడు. ఢిల్లీ ఎండకి జనం వడదెబ్బతో పడిపోతుంటే చలవ చేసే మందుగా మరుసటి ఏడాది ఈ షర్బత్‌ని తయారుచేశాడు. గులాబీ, మొగలిపువ్వు, వట్టివేరు, కలువ, గంధం, పుదీనా, పుచ్చకాయ, క్యారెట్, పాలకూర లాంటివన్నీ ఇందులో పడతాయని హమ్‌దర్ద్ వాళ్ళు చెబుతారు. పూలూ పళ్ళూ ఉన్న ఆ లేబుల్ బొమ్మ 1910లో మిర్జా నూర్ అహ్మద్ అనే చిత్రకారుడు వేసింది. అన్ని రంగులు అచ్చువేసే ప్రెస్ అప్పట్లో ఢిల్లీలో లేక బొంబాయిలో వేయించారట. వందేళ్ళు దాటినా రెండు దేశాల సీసాల మీదా ఆ పూల బొమ్మ పోలికలే కనిపిస్తాయి.

మజీద్ 1922లో చనిపోయాడు. అప్పటికి పెద్దకొడుకు అబ్దుల్ హమీద్‌కి పదమూడు పద్నాలుగేళ్ళు, చిన్నకొడుకు మహమ్మద్ సయీద్ రెండేళ్ళ పసివాడు. దుకాణాన్ని తల్లి రాబియా బేగం నిలబెట్టింది. తమ్ముడు అన్న చేతుల మీదే పెరిగాడు. దేశం రెండు ముక్కలయ్యాక 1948లో తమ్ముడు కరాచీ వెళ్ళిపోయాడు, అన్న ఢిల్లీలోనే ఉండిపోయాడు. తమ్ముడు అక్కడ రెండు గదులు అద్దెకి తీసుకుని అదే పేరు పెట్టి అదే షర్బత్ మొదలుపెట్టాడు. అప్పట్లో తూర్పు పాకిస్తాన్‌లో ఉన్న శాఖే 1971 తరవాత బంగ్లాదేశ్ హమ్‌దర్ద్ అయింది. మూడు సీసాలకి మూలం అదీ.

నాకు గొప్పగా అనిపించే సంగతి ఒకటుంది. అన్నదమ్ములిద్దరూ ఎవరి దేశంలో వాళ్ళు కంపెనీని వక్ఫ్ చేసేశారు. అంటే లాభం సొంతానికి వాడుకోకుండా చదువులకీ వైద్యానికీ పోవాలని రాసిచ్చారు. ఢిల్లీలో జామియా హమ్‌దర్ద్ యూనివర్సిటీ 1989లో వచ్చింది, కరాచీలో హమ్‌దర్ద్ యూనివర్సిటీ 1991లో. ఒకళ్ళది ఒకళ్ళు చూసి చేశారో, పెంపకమే అలాంటిదో గాని, సరిహద్దుకి అటూ ఇటూ ఉండి ఇద్దరూ ఒకే పని చేశారు. తమ్ముడు కొంతకాలం సింధ్ గవర్నర్‌గా కూడా పనిచేశాడు. 1998 అక్టోబర్‌లో కరాచీలో తన దవాఖానా దగ్గరే ఆయన్ని కాల్చి చంపారు. ఏడాది తిరగకుండానే, 1999 జూలైలో, ఢిల్లీలో అన్న పోయాడు.

ఈ కథ నాకు మొదట చెప్పింది మా ఎదురు షాపులో బట్టలు కుట్టే కరాచీ టైలర్ చాచా. చిన్నప్పుడు ఆయనకి దగ్గు పట్టుకుంటే వాళ్ళమ్మ హకీం సయీద్ దగ్గరికే తీసుకెళ్ళిందట. ఫీజు తీసుకోకుండా చూసేవాడని చెబుతూ "హమారే హకీం సాబ్" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు మెడలో వేలాడుతున్న టేపు తీసి చేత్తో పట్టుకున్నాడు. పెద్దవాళ్ళ పేరు ఎత్తినప్పుడు మా నాన్న భుజం మీది తువ్వాలు తీసేది ఇట్లనే. హకీం సాబ్ ఢిల్లీవాడేనని, అన్న అక్కడే ఉండిపోయాడని చాచాకి తెలుసు. "ఇద్దరి సమాధులూ చెరొక దేశంలో" అని తలూపి, మళ్ళీ మిషన్ తొక్కడంలో పడ్డాడు.

ఇక రుచి సంగతి. శుక్రవారం నమాజు వేళ షాపు కాసేపు మూస్తాం. అట్లాంటి ఒక శుక్రవారం మధ్యాహ్నం, తెరిచే ముందు వెనక గోడౌన్‌లో నలుగురం కూర్చుని రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి చూశాం. నేను, ఇక్కా, ట్యాంకర్ నడిపే పాకిస్తాన్ సియాల్‌కోట్ డ్రైవర్ భాయ్, మా బిల్డింగ్ కింద లాండ్రీలో ఇస్త్రీ చేసే బంగ్లాదేశ్ కొమిల్లా అతను. పేపర్ కప్పుల్లో రెండేసి చెంచాల షర్బత్, చల్లటి నీళ్ళు. ఐస్ వేయలేదు, ఐస్ వేస్తే వాసన చచ్చిపోతుంది. ఏ కప్పు ఏదో నాకు తప్ప ఎవరికీ తెలియకుండా కింద పెన్నుతో గీత పెట్టాను.

తేడా తెలియదనుకున్నాను, కానీ తెలిసింది. డ్రైవర్ భాయ్ అయితే తాగకముందే, ముక్కు దగ్గర పెట్టుకుని "యే హమారా" అని సరిగ్గా చెప్పాడు. నా నాలుక చెప్పేది ఇది: పాకిస్తాన్ సీసాలో మొగలిపువ్వు వాసన ముందుకొస్తుంది, గులాబీ దాని వెనక ఉంటుంది. పాకం కాస్త చిక్కగా అనిపిస్తుంది. ఇండియా సీసాలో గులాబీ ముందుంటుంది, గొంతు దిగాక వట్టివేరు లాంటి చల్లదనం కొంచెం మిగులుతుంది. నీళ్ళలో ఇది తేలిగ్గా ఉంటుంది. పాలు పోస్తే మాత్రం గులాబీ అంతా పాలలో కలిసిపోయి మెత్తబడుతుంది, మొగలి వాసన నిలబడుతుంది. అందుకే పైన అట్లా చెప్పాను. ఒకే కాగితం మీద రాసుకున్న తయారీయే అయినా, పూలు పూసే నేల వేరు, నీళ్ళు వేరు, చక్కెర వేరు, చేతులు వేరు. తేడా రాకపోతేనే ఆశ్చర్యం.

కొమిల్లా అతను రెండూ తాగి రెండూ తనవి కావన్నాడు. వాళ్ళింట్లో అయితే దాని మీద కాగ్జీ నిమ్మకాయ పిండాల్సిందేనట, నిమ్మకాయ పడకపోతే అది ఇఫ్తార్ షర్బతే కాదట. డ్రైవర్ భాయ్ ఒప్పుకోలేదు. నిమ్మకాయ వేస్తే హకీం సాబ్ వేసిన మందంతా పాడవుతుంది, పాలు పోయాలన్నాడు. ఇక్కా ఇద్దర్నీ చూసి, కేరళలో ఇంత తీపి ఎవరు తాగుతారు, కులుక్కి షర్బత్‌లో పచ్చిమిరపకాయ వేసుకుంటామన్నాడు. ఆ మాటకి ఇద్దరూ ఒక్కటై ఇక్కా మీద పడ్డారు.

ఆ తరవాత మాట ఐస్ మీదికి మళ్ళింది. కొమిల్లా అతనే మొదలుపెట్టాడు. ఇంట్లో ఫ్రిజ్ లేని రోజుల్లో రంజాన్ వస్తే ఐస్ తేవడం చిన్నవాడైన అతని పని. బజార్లో పెద్ద దిమ్మని సుత్తితో పగలగొట్టి ముక్క ఇస్తే, దాన్ని గోనెపట్టాలో చుట్టి, కరగకుండా ఊక అద్ది, ఇంటిదాకా పరిగెత్తాలి. ఆలస్యమైతే అజాన్ వినపడేసరికి గోనె ఒక్కటే మిగులుతుంది. అతను చెబుతుంటే డ్రైవర్ భాయ్ మధ్యలో అందుకుని, "ఊక కాదు, రంపపు పొట్టు" అన్నాడు. సియాల్‌కోట్‌లో పొట్టే వేస్తారు. ఇంటికెళ్ళాక ఆ పొట్టు సరిగ్గా కడగకపోతే షర్బత్‌లో తేలుతుంది, అప్పుడు అక్కలందరూ తిడతారు.

నేను విని చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. మాది కోరుట్ల. మా పక్కిల్లు బీడీల కమీషన్ ఏజెంటుది. మా అమ్మ వాళ్ళ దగ్గరే ఆకూ తంబాకూ తెచ్చుకుని బీడీలు చుట్టేది. వాళ్ళ చిన్నోడూ నేనూ ఒక ఈడు. రంజాన్ సాయంత్రాలు ఇద్దరం కలిసి ఒక సైకిల్ మీద ఐసు ఫ్యాక్టరీకి పోయేవాళ్ళం. వాడు తొక్కుతుంటే నేను వెనక గోనెసంచి ఒడిలో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఒడి అంతా తడిసి, తొడలు మొద్దుబారి, లాగుకి పొట్టు అంటుకునేది. ఇంటికి రాగానే వాళ్ళమ్మ, నేను ఖాలా అనేదాన్ని, ముందు ఐసుని బిందె నీళ్ళతో కడిగి, రోకలితో పగలగొట్టి, పెద్ద స్టీలు గిన్నెలో వేసేది. ఆ ఎర్రటి షర్బత్ సీసా వంచితే పాకం ఐసు ముక్కల మీది నుంచి చారలు చారలుగా జారేది. సబ్జా గింజలు వేసేది. మేం రోజా (ఉపవాసం) ఉండేవాళ్ళం కాదు, అయినా మా ఇంటికి ఒక చెంబు నిండా వచ్చాకే వాళ్ళ దస్తర్‌ఖాన్ మీద గ్లాసులు నిండేవి. పీర్ల పండుగకి మా నాన్న పీరు ఎత్తుకున్న ఏడు బెల్లం షర్బత్ మా ఇంటి కుండలో కలిపి వాడకట్టు అంతా పంచింది కూడా నాకు గుర్తుంది.

ఊకో, పొట్టో. మూడు దేశాల్లో ముగ్గురు చిన్నపిల్లలు ఒకే సాయంత్రం వేళ కరిగిపోతున్న ఐసు పట్టుకుని ఇంటికి పరిగెత్తారు. ఏ కంపెనీ తన షర్బత్‌కి ఇంతకంటే పెద్ద ప్రకటన వేయించలేదు.

కలుపుకునే పద్ధతులు మా కస్టమర్ల దగ్గర నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. పాకిస్తాన్ వాళ్ళు చల్లటి పాలలో కలుపుతారు. ఇక్కడ గల్ఫ్‌లో దొరికే రెయిన్‌బో డబ్బా పాలు కొంచెం కలిపితే ఇంకా బాగుంటుంది, నేను అట్లానే తాగుతాను. ఢిల్లీవాళ్ళు జామా మసీదు దగ్గర అమ్మే పద్ధతిలో పుచ్చకాయ ముక్కలు, పాలు, ఐస్, దీన్ని కలుపుతారు. ఎండాకాలం సాయంత్రం దాన్ని మించింది లేదు. హైదరాబాద్ వాళ్ళు ఫలూదాలో వేస్తారు. బంగ్లా పద్ధతిలో నీళ్ళు, నిమ్మకాయ. సబ్జా గింజలు ఎందులోనైనా సరిపోతాయి, పది నిమిషాలు ముందే నానబెట్టండి. పాలలో మాత్రం నిమ్మకాయ పిండొద్దు, విరిగిపోతాయి. ఇది చెప్పక్కర్లేదనిపించవచ్చు గాని, కొత్తగా వచ్చిన బ్యాచిలర్ పిల్లలు మా దగ్గరికి వచ్చి పాలు బాగాలేవని గొడవపడ్డ రోజులున్నాయి.

ఎండలో పనిచేసేవాళ్ళకి దీని విలువ వేరు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా బయట ఎండలో పని చేయించకూడదని ఇక్కడ చట్టం ఉంది. ఆ వేళలో పక్క సైటు నుంచి కుర్రాళ్ళు వచ్చి రూముకి ఒక సీసా లెక్కన కొనుక్కుంటారు. సిద్దిపేటవాళ్ళు, ముల్తాన్ వాళ్ళు, నేపాల్ వాళ్ళు, అందరూ ఒకే గ్యాంగ్. సీసా ఏ దేశానిదో చూసేవాణ్ణి వాళ్ళలో చూడలేదు, ఏది చల్లగా ఉందో అదే తీస్తారు. ఐదు లీటర్ల నీళ్ళ క్యాన్ మూత తీసి, కొన్ని నీళ్ళు ఒంపేసి, షర్బత్ పోసి, ఊపి, ఒక్కొక్కరే ఎత్తి పట్టుకుని తాగుతారు. క్యాన్ మూతికి ఎవరి పెదవీ తగలకుండా తాగే పద్ధతి మన ఊళ్ళలోదే అనుకునేవాణ్ణి, ముల్తాన్ వాళ్ళూ అట్లానే తాగుతారు.

పేపర్లకెక్కిన గొడవలు కూడా చెప్పాలి. 2019 రంజాన్‌లో ఇండియాలో రూహ్ అఫ్జా కొరత వచ్చింది. కొన్ని మూలికలు సరిగ్గా అందక తయారీ తగ్గిందని ఇండియా హమ్‌దర్ద్ చెప్పింది. అప్పటికి పుల్వామా, బాలాకోట్ జరిగి మూడు నెలలు కూడా కాలేదు. పాకిస్తాన్ సరుకు మీద ఇండియా 200 శాతం సుంకం వేసి ఉంది. ఆ సమయంలో పాకిస్తాన్ హమ్‌దర్ద్ అధిపతి ఉసామా ఖురేషీ, ఇండియా ప్రభుత్వం ఒప్పుకుంటే వాఘా మీదుగా లారీల్లో మేమే పంపిస్తామని ట్వీట్ చేశాడు. లారీలు కదల్లేదు. కానీ ఆ మాట అన్నాడు కదా అని మా షాపులో రెండు వైపుల వాళ్ళూ చెప్పుకున్నారు. కొరత ఉన్నన్నాళ్ళూ సెలవు మీద ఇండియా వెళ్ళే హైదరాబాద్ వాళ్ళు ఇక్కడి నుంచే సీసాలు సూట్‌కేసుల్లో బట్టల మధ్య పెట్టుకుని వెళ్ళారు.

2022లో పాకిస్తాన్‌లో తయారైన సీసాలు ఇండియాలో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారని ఇండియా హమ్‌దర్ద్ ఢిల్లీ హైకోర్టుకి వెళితే, అవి తీసేయమని కోర్టు చెప్పింది. వ్యాపారం లెక్కలో అది న్యాయమే. కొనేవాడికి ఎవరు తయారుచేసిందో తెలియాలి. మీరూ సీసా వెనక చూడండి: హమ్‌దర్ద్ లాబొరేటరీస్ ఇండియా అని గాని, హమ్‌దర్ద్ లాబొరేటరీస్ (వక్ఫ్) పాకిస్తాన్ అని గాని ఉండాలి. సైజు కూడా గుర్తే. మా షాపుకి వచ్చేవాటిలో ఇండియాది 750 మిల్లీలీటర్లు, పాకిస్తాన్‌ది 800.

2025 ఏప్రిల్‌లో రాందేవ్ తన షర్బత్ అమ్ముకోవడానికి దీనికి "షర్బత్ జిహాద్" అని పేరు పెట్టి వీడియో వదిలాడు. ఢిల్లీ హైకోర్టు ఆ మాటలు కోర్టు అంతరాత్మనే కుదిపేశాయని మందలించాక వీడియోలు తీసేస్తామని ఒప్పుకున్నారు. ఆ వీడియో ఫోన్‌లో చూసినప్పుడు నాకు ఖాలా ముఖమే కళ్ళముందు కనపడింది. మా ఇంటికి చెంబు పంపిన తరవాతే తన పిల్లలకి పోసిన మనిషిని అంత మాట అన్నట్టు అనిపించి, ఆ రోజంతా మనసు బాగాలేదు.

ఆ మరుసటి నెలే యుద్ధం లాంటి పరిస్థితి వచ్చింది. మే 7 నుంచి 10 దాకా ఆ నాలుగు రోజులు మా షాపులో టీవీ పెట్టొద్దని ఇక్కా చెప్పాడు. ఇండియా వాళ్ళు ఒక పక్క, పాకిస్తాన్ వాళ్ళు ఒక పక్క నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు, ఎవరి సామాను వాళ్ళు కొనుక్కుని పోతున్నారు. సియాల్‌కోట్ సరిహద్దుకి ఆనుకునే ఉంటుంది. డ్రైవర్ భాయ్ వచ్చినప్పుడు నాకు ఏమనాలో తోచక "ఘర్ పే సబ్ ఖైరియత్?" అని మాత్రం అడిగాను. పిల్లల్ని గుజ్రాన్‌వాలాలో వాళ్ళ మామ ఇంటికి పంపేశాడట, ముసలి తండ్రి మాత్రం బర్రెల్ని వదిలి రానన్నాడట. అది చెప్పి, "మీ ఊరు బార్డర్‌కి ఎంత దూరం?" అని నన్నే అడిగాడు. చాలా దూరం, రెండు రోజుల రైలు ప్రయాణం అన్నాను. "షుకర్ హై" అన్నాడు, మనస్ఫూర్తిగా. బర్రెల్ని వదిలి రానన్న తండ్రి మాట మాత్రం నా చెవుల్లో ఉండిపోయింది. మా తాత ఉంటే ఆయనా రాడు.

అంతకు ముందు ఏడాది, 2024 జూలైలో, బంగ్లాదేశ్‌లో విద్యార్థుల ఆందోళనలప్పుడు ఇంటర్నెట్ ఆపేస్తే కొమిల్లా అతనిది ఇదే టెన్షన్. వాట్సాప్ పోదు, ఇంట్లో తమ్ముడు కాలేజీ పిల్లాడు, ఊరేగింపుల్లో తిరుగుతున్నాడేమో తెలియదు. షాపు ఫోన్‌లోంచి మామూలు కాల్ చెయ్యమని ఇక్కా ఫోన్ చేతికిచ్చాడు. లైన్ కలిసేదాకా డ్రైవర్ భాయ్ నంబర్ నొక్కుతూ కూర్చున్నాడు. ట్యాంకర్ బయట అడ్డంగా పెట్టి ఉంది, వెనక కార్లు హారన్ కొడుతున్నాయి, అయినా లేవలేదు. కలిశాక ఆ తమ్ముడి గొంతు స్పీకర్‌లో వినబడింది, అన్నం తింటున్నాడు. ఆ రోజు సాయంత్రం ఫ్రిజ్ లోంచి చల్లటి సీసా ఒకటి ఇక్కా తన ఖాతాలో రాసుకుని విప్పాడు. అది ఏ దేశం సీసానో నేను చూడలేదు.

మళ్ళీ సరుకు దగ్గరికి వస్తాను. ధర మా షాపులో పది పన్నెండు దిర్హాముల మధ్య ఉంటుంది, పెద్ద సూపర్ మార్కెట్లలో రంజాన్‌కి ముందు ఆఫర్‌లో ఇంకా తగ్గుతుంది. గ్లాసుకి 30 మిల్లీలీటర్లు చొప్పున వేసుకుంటే 750 మిల్లీలీటర్ల సీసా ఇరవై అయిదు గ్లాసులకి వస్తుంది, అంటే గ్లాసు దాదాపు అర దిర్హం. మూత దగ్గర పాకం అంటుకుని చీమలు పడతాయి కాబట్టి వాడిన ప్రతిసారీ తడిగుడ్డతో తుడవండి. ఎండ తగిలే కిటికీ దగ్గర, కారు డిక్కీలో పెట్టకండి.

ఇండియాకి తీసుకెళ్ళేవాళ్ళకి ఒక మాట. 2025 మే 2 నుంచి పాకిస్తాన్‌లో తయారైన ఏ సరుకూ, నేరుగా గాని వేరే దేశం మీదుగా గాని, ఇండియాలోకి రాకూడదని నిషేధం ఉంది. ఇక్కడ మీరు పాకిస్తాన్ సీసా ఎంత ఇష్టంగా తాగినా దాన్ని సూట్‌కేసులో పెట్టుకోకండి, ఎయిర్‌పోర్టులో అనవసరమైన తలనొప్పి. మన సీసా మన ఊళ్ళో ఎట్లాగూ దొరుకుతుంది.

షుగర్ ఉన్నవాళ్ళు జాగ్రత్త. యునానీ మందుగా పుట్టిందని, మూలికలున్నాయని ఎవరైనా చెబితే నమ్మి గ్లాసులు గ్లాసులు తాగకండి. ఏ దేశం సీసా అయినా మొట్టమొదట ఉండేది చక్కెరే. మా నాన్నకి షుగర్ వచ్చాక ఇంటికి తీసుకెళ్ళడం మానేశాను. సెలవు మీద వెళ్ళినప్పుడు ఖాలా ఇంట్లో ఇఫ్తార్‌కి కూర్చుంటే ఆయన ముందు మజ్జిగ గ్లాసు పెడుతుంది, ఆయన మా గ్లాసుల వంక చూస్తుంటాడు. చిన్నపిల్లలకి కూడా సగం గ్లాసు చాలు, రోజూ వద్దు.

నా మార్కులు: ఇండియా సీసాకి అయిదుకి నాలుగున్నర, పాకిస్తాన్ సీసాకీ నాలుగున్నరే, ఆ అర మార్కు రెండింట్లోనూ చక్కెరకి తగ్గించాను. బంగ్లాదేశ్ సీసా నేనింకా తాగలేదు. ఈసారి పెట్టె వస్తే కొమిల్లా అతని కోసం రెండు, నా కోసం ఒకటి పక్కన పెట్టమని ఇక్కాకి చెప్పి ఉంచాను. తాగాక దాని సంగతి కింద రాస్తాను, నిమ్మకాయ పిండే చూస్తాను.